ఒక ఆయా, పదిమంది పిల్లలు, 480 నిమిషాలు

ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా ఎనిమిది గంటలు. అంటే 480 నిమిషాలు. డే కేర్‌లో ఒక ఆయాకు పదిమంది పిల్లల్ని అప్పగిస్తే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది 48 నిమిషాలు. మూడున్నరేళ్ల పిల్లాడికి అది సరిపోవచ్చు. వాడికి నడక వచ్చు, మాట వచ్చు, "ఆంటీ, సుస్సు" అని చెప్పగలడు. మిగతా సమయం తోటివాళ్లతో కొట్లాడుతూ, కలిసిపోతూ గడిపేస్తాడు.

ఏడు నెలల పాప సంగతి వేరు. ఆ ఎనిమిది గంటల్లో రెండుసార్లు పాలు, ఒకసారి ఉగ్గో మెత్తగా పిసికిన పప్పన్నమో పెట్టాలి. ఒక్కోదానికి ఇరవై నిమిషాలు వేసుకున్నా గంట. డైపరు ఐదుసార్లు మార్చాలి. విప్పి, కడిగి, తుడిచి, కొత్తది వేసి, తన చేతులు సబ్బుతో కడుక్కునేసరికి ఆరు నిమిషాలు. ఇది అరగంట. రోజుకు రెండు కునుకులు తీస్తుంది, భుజాన వేసుకుని జోకొట్టి పడుకోబెట్టడానికి పావుగంట చొప్పున మరో అరగంట. మొత్తం రెండు గంటలు. ఎత్తుకుని కిటికీలోంచి కాకిని చూపించడం, కబుర్లు చెప్పడం, ఏడిస్తే ఊరుకోబెట్టడం ఇందులో కలపలేదు. 480ని 120తో భాగిస్తే నాలుగు. అంటే ఒక ఆయా నీళ్లు తాగడానికి కూడా ఆగకుండా పనిచేస్తే చూడగలిగేది నలుగురు పసిబిడ్డల్ని. ఆమె కూడా అన్నం తినాలి కాబట్టి ముగ్గురిని.

డే కేర్ వెతికేవాళ్లు ఏసీ ఉందా, సీసీ కెమెరా ఉందా, ఇంగ్లిష్‌లో మాట్లాడతారా అని ఆరా తీస్తారు. నేనైతే ముందు ఈ భాగహారం చేయమంటాను. తక్కిన ప్రశ్నల్లో సగానికి జవాబు ఇందులోనే దొరుకుతుంది.

ఇది నా సొంత లెక్క అనుకోకండి. అమెరికా పిల్లల వైద్యుల సంఘం భాగస్వామిగా తయారైన సంరక్షణ ప్రమాణాల్లో ఏడాదిలోపు పిల్లలు ముగ్గురికి ఒకరు చొప్పున ఉండాలని, ఒక గుంపులో ఆరుగురిని మించకూడదని ఉంది. ఏడాది నుంచి మూడేళ్లలోపు నలుగురికి ఒకరు, మూడేళ్లవాళ్లయితే ఏడుగురికి ఒకరు. ఇంగ్లండులో రెండేళ్లలోపు ముగ్గురికి ఒకరు, రెండేళ్ల పిల్లలు ఐదుగురికి ఒకరు. రెండేళ్లవాళ్లకు 2023 దాకా నలుగురికి ఒకరే ఉండేవారు, ఆ సెప్టెంబరులో ఐదుకు సడలించారు. తెలుగువాళ్లు పెద్దసంఖ్యలో ఉన్న టెక్సస్ మరీ ఉదారం. ఏడాదిలోపు నలుగురికి ఒకరు ఉంటే చాలు, రెండేళ్లు నిండాయంటే పదకొండు మందికి ఒకరు! అమెరికా కదా, అన్నీ వాళ్లే చూసుకుంటారులే అని డాలస్‌లో ఉన్నవాళ్లూ నిశ్చింతగా ఉండడానికి లేదు. ప్రభుత్వం పెట్టిన కనీస నిబంధనకూ, పిల్లల వైద్యులు అడిగే ప్రమాణానికీ అంత దూరం ఉంది.

మన దేశంలో 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం మూడేళ్లలోపు పదిమందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్లవాళ్లయితే ఇరవై మందికి ఒకరు ఉండాలంటుంది. అదీ ఏ నిమిషంలోనూ తగ్గకుండా. మూడు నుంచి ఆరేళ్ల అంకెతో నాకు పెద్ద పేచీ లేదు. మూడేళ్లలోపు అందరినీ ఒకే గాటన కట్టడమే ఇబ్బంది. రెండున్నరేళ్ల పిల్ల, ఏడు నెలల పిల్ల ఒకే లెక్కలోకి ఎలా వస్తారు? "మా దగ్గర ప్రభుత్వ ప్రమాణం ప్రకారమే స్టాఫ్ ఉన్నారండీ" అని డే కేర్ వాళ్లు చెప్పే మాట నిజమే కావచ్చు. పాకే వయసు పిల్లలు ఎందరు, వాళ్లకు విడిగా ఎవరున్నారు అన్నది రెండో ప్రశ్నగా అడగాలి.

ఫీజు చూసి కూడా ఈ సంఖ్యను పట్టుకోవచ్చు. ఆయా జీతం నెలకు 15,000 అనుకుందాం, మీ ఊరి అంకె వేరైతే అదే వేసుకోండి. ఆమె నలుగురిని చూస్తే ఒక్కో బిడ్డ మీద పడేది 3,750. పదిమందిని చూస్తే 1,500. అద్దె, కరెంటు, వంటమనిషి, ఆయా రాని రోజున బదులు మనిషి, యజమాని మిగులు అన్నీ కలిపి మరో అంత అనుకుంటే నలుగురి లెక్కలో ఫీజు 7,500 అవుతుంది. ఇది ఎనిమిది గంటలకు. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఏడు దాకా తెరిచి ఉంచితే పదకొండు గంటలు, ఒక మనిషి షిఫ్టుతో అయ్యే పని కాదు, అదే నిష్పత్తిలో లెక్కేస్తే పదివేలు దాటుతుంది. కాబట్టి ఏడు నెలల పాపను నెలకు 4,000కే రాత్రి ఏడు దాకా చూస్తామన్నారంటే వాళ్లు మోసగాళ్లని కాదు. అక్కడ ఒక ఆయా చేతికింద నలుగురు లేరని మాత్రం తెలిసిపోతుంది. తిరగేసి చెబితే కుదరదు. ఇరవై వేలు తీసుకునేచోట ఆ డబ్బు ఆయాల జీతాల్లోకి వెళ్లవచ్చు, గేటు దగ్గర పెట్టిన ప్లాస్టిక్ జిరాఫీలోకీ వెళ్లవచ్చు.

ఇంకో అంకె ఉంది, కరపత్రాల వాళ్లకు బాగా ఇష్టమైనది: మెదడు ఎదుగుదలలో 85 శాతం ఆరేళ్లలోపే. ఆ మాట 2020 జాతీయ విద్యా విధానంలో ఉన్నదే. దాన్ని పట్టుకుని రెండేళ్ల పిల్లలకు ఫోనిక్స్, అబాకస్ అని ప్యాకేజీలు కట్టేస్తారు. ఆ వయసులో మెదడు ఎదిగేది ఎవరో ఒకరు తన ముఖంలోకి చూసి బదులు పలికినప్పుడు. మళ్లీ అక్కడికే వచ్చాం, పలకడానికి మనిషి ఖాళీగా ఉండాలి.

డే కేర్ ప్రభావం మీద జరిగిన పెద్ద పరిశోధనల్లో ఒకటి అమెరికాలో 1991లో మొదలైంది. పది ప్రాంతాల్లో 1,300 మందికి పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి ఏళ్ల తరబడి గమనించారు. మంచి సంరక్షణ దొరికిన పిల్లలకు మాటలు, ఆలోచన కాస్త మెరుగ్గా వచ్చాయి. మరీ ఎక్కువ గంటలు బయటి సంరక్షణలో ఉన్న పిల్లల్లో అల్లరి, మొండితనం కాస్త ఎక్కువగా కనబడ్డాయి. ఈ రెండు ప్రభావాలూ చిన్నవే. వాటికంటే ఇల్లు, తల్లిదండ్రులు చూపిన ప్రభావం పెద్దది. డే కేర్‌లో వేస్తే పిల్ల పాడైపోతుందని భయపెట్టే బంధువులకూ, వేస్తేనే చురుకవుతుందని చెప్పే ప్రకటనలకూ ఈ పరిశోధన పెద్దగా ఉపయోగపడదు.

ఎప్పుడు చేర్చాలన్నది క్యాలెండరు ముందు పెట్టుకుని తేల్చాల్సిన విషయం. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలయింది. ఇందులో కాన్పుకు ముందు ఎనిమిది వారాలకు మించి వాడకూడదు. ఆ ఎనిమిదీ ముందే వాడేస్తే తర్వాత మిగిలేది 18 వారాలు, నాలుగు నెలల మీద కొద్ది రోజులు. ప్రభుత్వ క్రెష్ పథకాలు తీసుకునేది ఆరు నెలలు నిండినవాళ్లనే, ప్రైవేటు వాళ్లలోనూ చాలామందిది అదే నియమం. తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టొద్దని డాక్టర్లు చెప్పేదీ ఆరు నెలలే. అంటే దాదాపు రెండు నెలల ఖాళీ. ఇద్దరు పిల్లలున్న తల్లికి మూడో కాన్పుకు 12 వారాలే కనుక ఆ ఖాళీ మూడు నెలలు దాటుతుంది. డాక్టరు వద్దనకపోతే కాన్పుకు ముందు సెలవు వీలైనంత తక్కువ వాడుకోవడం ఒక దారి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినికి సర్వీసు మొత్తంలో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. ఆమె భర్త కూడా కేంద్ర ఉద్యోగి అయితే అతనికి 15 రోజుల పితృత్వ సెలవు. ప్రైవేటు కంపెనీలో పనిచేసే తండ్రికి చట్టం ఒక్కరోజు కూడా రాసివ్వలేదు, కంపెనీ దయ.

ఎనిమిది, తొమ్మిది నెలలు వచ్చేసరికి పిల్లలు కొత్త ముఖం చూస్తే బిక్కమొహం వేస్తారు, అమ్మ కనుమరుగైతే గుక్కపట్టి ఏడుస్తారు. ఇది ఏడాదిన్నర దాకా ఎక్కువగా ఉంటుంది. ఏడో నెలలో చేర్చితే కొత్తవాళ్ల చేతుల్లోకి వెళ్లడం కొంచెం తేలిక. పదో నెలలో చేర్చాల్సివస్తే మొదటి రెండు వారాలు ఆఫీసులో పెద్ద పనులేవీ పెట్టుకోకండి. మొదట్లో అమ్మ పక్కనుండగా గంట, తర్వాత అమ్మ లేకుండా గంట, ఆపైన భోజనం దాకా, చివరికి నిద్ర లేచేదాకా అలా పెంచుకుంటూ పోవాలి. "ఒక్కరోజులో అలవాటు చేసేస్తాం, మీరు వెళ్లిపోండి" అనే చోట నేను చేర్చను.

ఆఫీసు దగ్గర చేర్చాలా, ఇంటి దగ్గరా? 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ సౌకర్యం కల్పించాలని 2017 సవరణ చెప్పింది. అది ఇప్పుడు 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లోకి చేరి 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. లెక్కకు వచ్చేది ఉద్యోగులందరూ, ఆడవాళ్లు మాత్రమే కాదు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు కూడా హక్కే. కాగితం మీద బాగుంది. క్రెష్ అరకిలోమీటరు దూరంలో ఉందనుకోండి, వెళ్లిరావడానికి పదమూడు నిమిషాలు, నాలుగుసార్లకు 52. లిఫ్టు కోసం నిలబడ్డది అదనం. ఏ మేనేజరు ముఖం చూస్తూ రోజుకు నాలుగుసార్లు లేస్తాం? ఒకటి, రెండుసార్లు కుదిరితే అదే గొప్ప. అయినా పాలు తాగే వయసులో ఆ రెండుసార్లకే చాలా విలువ. అందుకే ఏడాది, ఏడాదింబావు వచ్చేదాకా ఆఫీసు దగ్గర, ఆ తర్వాత ఇంటి దగ్గర అన్నది నా ఓటు. ఇంటి దగ్గరైతే తాతయ్య తీసుకురాగలడు, మాదాపూర్ ట్రాఫిక్‌లో బిడ్డ కూడా ఇరుక్కోదు, ఆఫీసుకు వెళ్లివచ్చే గంటన్నర కూడా బిడ్డ డే కేర్‌లోనే ఉంటుందన్నది మాత్రం కూడికలో కలుపుకోండి.

ఇవన్నీ ఐడీ కార్డు మెళ్లో ఉన్నవాళ్ల కష్టాలు. 2005 ఉపాధి హామీ చట్టంలో పనిచోటుకు ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకు మించో వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. చెరువు పూడిక తీసేచోట చెట్టుకింద ఐదుగురు పిల్లలు చేరితే చాలు, చూడడానికి ఒకరు! అన్నిచోట్లా అమలైందా అన్నది పక్కన పెట్టండి, ఆ వాక్యం రాసినవాళ్లకు మాత్రం పసిపిల్లల సంగతి తెలుసు.

పల్లెల్లోనూ బస్తీల్లోనూ మొదట గుర్తొచ్చేది అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 55,600, తెలంగాణలో 35,700 కేంద్రాలున్నాయి. అయితే అది రోజంతా పిల్లను అప్పగించి కూలికో కొట్టుకో వెళ్లడానికి పెట్టిన ఏర్పాటు కాదు. మూడేళ్లు దాటినవాళ్లకు ఆట, పాట, మధ్యాహ్నం అన్నం, గుడ్డు. అంతకంటే చిన్నవాళ్లకు ఇంటికిచ్చే బాలామృతం, నెలనెలా బరువు తూచడం. ఆ ఖాళీని పూడ్చడానికే అంగన్‌వాడీలోనే క్రెష్ నడిపే 'పాల్నా' పథకం 2022లో వచ్చింది. అంతకుముందున్న జాతీయ క్రెష్ పథకం కొలతలు ఇవి: నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు, 25 మంది పిల్లలు, ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. 450 నిమిషాలను ఇద్దరితో గుణించి 25తో భాగిస్తే బిడ్డకు 36 నిమిషాలు. అక్కడి 25 మందిలో ఏడాదిలోపు వాళ్లు ఇద్దరే ఉంటే నడిచిపోతుంది, ఎనిమిది మంది ఉంటే నడవదు. మీ ఊళ్లో పాల్నా కేంద్రం ఉంటే ఈ ఒక్క సంగతి కనుక్కుని నిశ్చింతగా చేర్చవచ్చు. ఆ పనివాళ్ల మీద ఊరి కళ్లుంటాయి, అది ప్రైవేటు ఫ్లాటులో దొరకని భద్రత.

ఇక చూడడానికి వెళ్లే రోజు. పొద్దున పదింటికి రమ్మంటారు, అప్పుడు పిల్లలు తాజాగా, గది శుభ్రంగా ఉంటుంది. మధ్యాహ్నం పన్నెండు, పన్నెండున్నర మధ్య వెళ్లండి. భోజనాల వేళ ఏ డే కేర్ అయినా తన అసలు రూపంలో ఉంటుంది. గుమ్మం దగ్గర బుల్లి చెప్పుల జతలు లెక్కపెట్టండి. నడిచే పిల్లలు ఎందరో తెలుస్తుంది. ఫ్రిజ్ తెరిచి చూపించమనండి. పేర్లు రాసిన పాల సీసాలు ఎన్ని ఉంటే అందరు పసివాళ్లు. ఇప్పుడు గదిలో పెద్దవాళ్లను లెక్కపెట్టండి. వంటమనిషినీ, రిసెప్షన్‌లో కూర్చున్న మేడమ్‌నూ కలపకండి. అన్నం ఎలా పెడుతున్నారు? ఒకే గిన్నె, ఒకే చెంచా, వరుసగా నాలుగు నోళ్లకా? డైపరు మార్చిన ఆయా చేతులు కడుక్కున్నాకే అన్నం గిన్నె ముట్టుకుందా? గోడమీద పేరు, టైము రాసే చార్టు ఉంటే, అందులో ఇవాళ్టి గడులు నిండి ఉన్నాయా, లేక పొద్దున్నే ఒకే పెన్నుతో సాయంత్రం దాకా నింపేశారా?

టీవీ మోగుతోందా అన్నదీ చూడండి. రెండేళ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇద్దరు చేయాల్సిన పని ఒకరే చేస్తున్నచోట రెండో మనిషి ఆ టీవీయే. నిద్ర కూడా లెక్కే. నాలుగు నెలలు నిండిన ఏడాదిలోపు బిడ్డకు రోజుకు 12 నుంచి 16 గంటలు, ఏడాది నుంచి మూడేళ్లలోపు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, పగటి కునుకులతో కలిపి. వెలుతురు తగ్గించి పడుకోబెట్టే చోటు విడిగా లేకపోతే ఆ కోత రాత్రి మీ ఇంట్లో తేలుతుంది.

చోటు సంగతి 2013 విధానంలో ఉంది. ముప్ఫై మందికి కనీసం 35 చదరపు మీటర్ల గది, బయట 30 చదరపు మీటర్ల ఆటస్థలం. బిడ్డకు పన్నెండున్నర చదరపు అడుగులు, మన ఇళ్లలో ఒంటి మనిషి పరుపుకంటే తక్కువ. ఇది కనీసం, ఇంతకు తగ్గితే వెనక్కి తిరగండి. ఎన్నో అంతస్తు అన్నది అంతకంటే ముఖ్యం. ఒక మనిషి చంకన ఇద్దరిని మించి ఎత్తుకుని మెట్లు దిగలేదు. పొగ వచ్చినరోజు లిఫ్టు ఉండదు. మూడో అంతస్తులో నడవలేని పిల్లలు ఎనిమిది మంది, ఆయాలు ఇద్దరు ఉంటే నలుగురు పైనే మిగిలిపోతారు. సీసీ కెమెరాలు ఎన్ని ఉన్నా ఒక్కటీ బిడ్డను ఎత్తుకోదు. పసివాళ్ల గది కింది అంతస్తులో ఉండాలన్నదాంట్లో నేను బేరానికి దిగను.

చేర్చేటప్పుడు వాళ్లు మీ పాప టీకాల కార్డు అడిగారా? అడగలేదంటే మిగతావాళ్లనూ అడిగి ఉండరు. మీజిల్స్-రుబెల్లా టీకా మొదటి డోసు తొమ్మిది నెలలు నిండాకే వేస్తారు. ఏడు నెలల పాపకు అప్పటిదాకా రక్షణ పక్కనున్న పెద్దపిల్లలు వేయించుకున్న టీకాలే. పిండి పంపే తల్లిపాలు 25 డిగ్రీల లోపు నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవుంటాయి. మే నెలలో మన గదులు 25 డిగ్రీల్లో ఉండవు కాబట్టి ఇల్లు దాటిన క్షణం నుంచి ఐసు ప్యాకు తప్పదు.

ఇంట్లోనే ఆయాను పెట్టుకుంటే ఒకరికి ఒకరు, ఏ దేశపు ప్రమాణం కంటే మెరుగు. కానీ ఆమె రాని రోజున బదులెవరూ లేరు, ఆమె ఏం చేస్తోందో చూసే రెండో కన్నూ లేదు. అమ్మమ్మ, నానమ్మ ఉంటే ఆ రెండో భయం పోతుంది. అరవై దాటిన మోకాళ్లతో పాకే పిల్ల వెంట రోజుకు పది గంటలు తిరగగలరా అన్నది మాత్రం వాళ్ల మొహమాటాన్ని దాటించి అడగాలి. పెద్దవాళ్లు పొద్దున, సాయంత్రం చూసుకుని మధ్య ఐదారు గంటలు డే కేర్‌లో ఉంచితే ఇద్దరికీ ఊపిరి సలుపుతుంది. అమెరికాలో మనవాళ్లది ఇదే లెక్క, ఇంకొంచెం కటువుగా. అక్కడి కుటుంబ సెలవు చట్టం ఇచ్చేది 12 వారాలు, జీతం లేకుండా, అదీ 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థల్లో. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకు సాధారణంగా ఆరు నెలలుండనిస్తారు. అందుకే అమ్మమ్మగారు ఆరు నెలలు, వాళ్లు విమానం ఎక్కేనాటికి నానమ్మగారు ఆరు నెలలు. అలా పిల్ల ఏడాది దాటేస్తుంది.

చివరగా జ్వరాల బడ్జెట్. చిన్నపిల్లలకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. గుంపులో చేరిన మొదటి ఏడాది ఇంకా ఎక్కువే రావచ్చు. ఒంట్లో వేడి ఉంటే డే కేర్ తీసుకోదు, తీసుకోకూడదు కూడా. ఒక్కోసారికి రెండు రోజులు వేసుకున్నా ఏడాదికి 12 నుంచి 16 రోజుల సెలవు. దీన్ని ముందే లెక్కలో పెట్టుకోనివాళ్లు మూడో జ్వరానికి డే కేర్ మారుస్తారు, కొత్తచోట కొత్త జలుబుతో మళ్లీ మొదలు. ఆ సెలవులు ఎవరివి? 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో 15 నుంచి 59 ఏళ్లవాళ్లలో ఇంట్లోవాళ్ల ఆలనాపాలనా చూసిన ఆడవాళ్లు రోజుకు సుమారు 140 నిమిషాలు, మగవాళ్లు 74 నిమిషాలు దానిమీద వెచ్చించారు. అసలు ఆ పనిలో చేయి పెట్టిన మగవాళ్లే ఐదుగురిలో ఒకరు. డే కేర్ దరఖాస్తులో 'పిల్లకు ఒంట్లో బాగోకపోతే మొదట ఎవరికి ఫోన్ చేయాలి' అని ఒక గడి ఉంటుంది. చెయ్యి తిరిగినట్టు అమ్మ నంబరు రాసేస్తాం. అక్కడ నాన్న నంబరు రాసి, బేసి నెలల్లో ఆయనకు, సరి నెలల్లో ఆవిడకు చేయమని పక్కనే చెప్పి రండి.